క్లోస్-నిట్ ఫ్యామిలీ అంటే తలుపులు మూసుకున్న కుటుంబం కాదు

‘close-knit family’ అనే ఇంగ్లీషు మాట ఉన్న వాక్యాన్ని మీరు తెలుగు చేశారు కదా, ఆ అనువాదంలో తేడా ‘క్లోజ్’ (close) దగ్గర వచ్చింది. దాన్ని మూయడం అనుకుని ‘ఎవరితోనూ కలవని కుటుంబం’ అని రాశారు. ఇక్కడ దానర్థం దగ్గరగా. పలకడం కూడా ‘క్లోస్’ అనే.

1. చాలామంది పట్టించుకోనిది ‘నిట్’. స్వెటర్ అల్లడాన్ని నిట్ అంటారు, స్పెల్లింగులో ముందున్న ‘కె’ పలకదు. (నేనూ చాన్నాళ్ళు ‘నీట్’ అనే చదివాను.) కుట్లు దగ్గరదగ్గరగా పడితే అల్లిక బిగువుగా ఉంటుంది, ఒక పోగు లాగితే పక్కవీ కదులుతాయి. మనుషులూ అంతే. ఒకరికి జ్వరమొస్తే అందరికీ టెన్షన్.

2. ‘ఉమ్మడి కుటుంబం’ అని మార్చకండి. వేర్వేరు ఊళ్ళలో ఉన్నవాళ్ళూ క్లోస్-నిట్ కావచ్చు.

3. మీ వాక్యానికి ‘ఒకరితో ఒకరు అల్లుకుపోయిన కుటుంబం’ నప్పుతుంది. సమాజానికైతే ‘కలసికట్టుగా ఉండే’ చాలు. ‘టైట్-నిట్’ అన్నా ఇదే.