నెలల తరబడి కరెంటు లేకపోతే? హుద్‌హుద్ చూసినవాడి జవాబు

ఊళ్లన్నింటికీ కరెంటు చేరవేసే గ్రిడ్ మొత్తం కుప్పకూలి నెలల తరబడి కరెంటు రాకపోతే ఏం సిద్ధం చేసుకోవాలి, డాబా మీద సోలార్ ఉంది కదా అది సరిపోదా అని అడిగారు. ముందు సోలార్ సంగతి చెప్పేస్తాను. మీది బ్యాటరీ లేకుండా నేరుగా లైనుకు కలిపినదైతే, వీధిలో కరెంటు పోగానే అదీ ఆగిపోతుంది. నడినెత్తిన ఎండ కాస్తున్నా ఒక్క బల్బు వెలగదు. స్తంభమెక్కిన లైన్‌మన్‌కి మీ ఇంటి కరెంటు తగలకూడదని దాన్ని అలాగే తయారుచేస్తారు. లైను లేకున్నా నడవగల హైబ్రిడ్ ఇన్వర్టరూ, బ్యాటరీ ఉంటేనే ఆపదలో పనికొస్తుంది. అమ్మేటప్పుడు సబ్సిడీ లెక్కలన్నీ చెబుతారు గానీ ఈ ముక్క చాలామంది చెప్పరు.

2014 అక్టోబరు 12న నేను విశాఖలోనే ఉన్నాను. హుద్‌హుద్ సరిగ్గా ఊరి మీదే తీరం దాటింది. గంటకు దాదాపు 180 కిలోమీటర్ల గాలి. తుఫాను కన్ను, అంటే గాలి లేని దాని నడిభాగం, వచ్చినప్పుడు కాసేపు అంతా ఆగిపోయింది. అయిపోయిందనుకుని జనం బయటికొచ్చారు, అంతలోనే ఎదురు దిక్కు నుంచి మళ్లీ మొదలైంది. తెల్లారి చూస్తే స్తంభాలు, చెట్లు, సెల్ టవర్లు అన్నీ నేల మీదే.

ఆ తర్వాత మమ్మల్ని ఏడిపించింది చీకటి కాదు, నీళ్లు. అపార్ట్‌మెంటు పైన ట్యాంకులో ఉన్నది ఎంతసేపు వస్తుంది? బోరుంది, మోటారుకు కరెంటు లేదు. మున్సిపాలిటీ నీళ్లకూ పంపులే దిక్కు. లిఫ్టు లేక నాలుగో అంతస్తువాళ్లు బిందెలు మోసుకుని మెట్లెక్కారు. డీజిల్ జనరేటరును బండి మీద పెట్టుకుని అపార్ట్‌మెంటు అపార్ట్‌మెంటుకీ తిప్పుతూ, మోటారు ఆడించినందుకు గంటల లెక్కన డబ్బు తీసుకున్నారు కొందరు. మా వీధి చివర పెంకుటింట్లో పాత నుయ్యి ఉండేది. ఆ ఇంటి మామ్మగారు గేటు తీసిపెట్టి, చేదా తాడూ ఎవరివి వాళ్లు తెచ్చుకోండన్నారు. అన్ని ఫ్లాట్లలో కలిపి నూతిలోకి అందేంత తాడు ఎవరి దగ్గరా లేదు!

అందుకే నా జాబితాలో మొదట నీళ్లే. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన సరఫరా చేయాలంటారు. విపత్తు వేళ తాగడానికి, వండుకోవడానికి, ఒళ్లు తుడుచుకోవడానికి కలిపి 15 లీటర్లతో నెట్టుకురావచ్చు. నలుగురుంటే రోజుకు 60, రెండు వారాలకు 840 లీటర్లు. ఫ్లాటులో అంత నిల్వ కుదరదు, నాలుగు రోజులదైనా పెట్టుకోండి. తాగే నీళ్లు తెర్లనిచ్చి చల్లార్చుకోవాలి. గ్యాసు మిగుల్చుకోవాలంటే క్లోరిన్ బిళ్లలు, పాకెట్టు మీద రాసిన కొలత ప్రకారం.

గ్రిడ్ సంగతికొస్తే, కరెంటు పోవడంలో రెండు రకాలున్నాయి. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తరాది గ్రిడ్ పడిపోయి, రెండో రోజు తూర్పు, ఈశాన్య గ్రిడ్లూ దానితోపాటే పడి 60 కోట్ల మందికి పైగా ఇబ్బంది పడ్డారు. అప్పుడు దక్షిణాది గ్రిడ్ విడిగా ఉండేది కాబట్టి మనకు తెలియలేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు లైనుతో మనమూ దేశ గ్రిడ్‌లో కలిశాం. కానీ అలాంటి పతనంలో తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు బాగానే ఉంటాయి. జలవిద్యుత్ కేంద్రాలను ముందు లేపి, వాటి కరెంటుతో థర్మల్ కేంద్రాలను నడిపించి రోజుల్లోనే నిలబెడతారు. నెలలు పట్టేది సామానే విరిగిపోయినప్పుడు. 2017 సెప్టెంబరులో మరియా హరికేన్ (పెనుతుఫాను) తర్వాత కరీబియన్ దీవి ప్యూర్టోరికోలో ఆఖరి ఇళ్లకు కరెంటు రావడానికి దాదాపు 11 నెలలు పట్టింది. అక్కడ అధికారికంగా ఒప్పుకున్న మృతుల అంచనా 2,975. వాళ్లలో ఎక్కువమంది గాలివానలో పోయినవాళ్లు కాదు, ఆ తర్వాతి నెలల్లో వైద్యం, మందులు, కరెంటు అందక పోయినవాళ్లు.

కాబట్టి బియ్యం కన్నా ముందు మందులు చూడండి. బీపీ, థైరాయిడ్, ఫిట్స్ మాత్రలు ఎప్పుడూ నెల ముందుకు ఉండేలా డాక్టరుతో మాట్లాడి రాయించుకోండి. మా అమ్మకు ఇన్సులిన్. వాడుతున్న సీసా చాలా రకాల్లో 25–30 డిగ్రీల లోపు సుమారు నాలుగు వారాలు ఉంటుంది, కచ్చితమైన గడువు దాని కాగితంలో చూడాలి. ఫ్రిజ్ లేనప్పుడు కుండలో కుండ పెట్టి మధ్యన తడి ఇసుక పోసి, లోపలి కుండలో పొడి డబ్బాలో ఉంచితే ఎండాకాలంలోనూ కాస్త చల్లగా ఉంటుంది.

తిండికి మాత్రం తెలుగిల్లు ఎప్పుడూ సగం సిద్ధమే. మనిషికి రోజుకు 400 గ్రాముల బియ్యం అనుకున్నా నలుగురికి నెలకు 25 కిలోల బస్తాలు రెండు చాలు. కందిపప్పు, చింతపండు, ఉప్పు, నూనె, బెల్లం, ఊరగాయ. వండక్కర్లేని అటుకులు, మరమరాలు, సత్తుపిండి తప్పకుండా ఉంచండి. నిండు సిలిండరు ఒకటి అదనంగా ఉండాలి. ఇండక్షన్ స్టవ్వును నమ్ముకోవద్దు. కుంపటిగానీ జనరేటరుగానీ తలుపులేసిన గదిలో పెట్టకండి, వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఏటీఎంలు, ఫోన్‌పే పనిచేయని రోజుల్లో 500 నోటుకు చిల్లర ఇచ్చే కొట్టు దొరకదు, పదులూ యాభైలూ కట్టగా దాచుకోండి. బ్యాటరీ రేడియో ఒకటి. ఇన్వర్టరుకు 150 ఏహెచ్ బ్యాటరీ ఉంటే తక్కువ కరెంటు తీసుకునే బీఎల్‌డీసీ ఫ్యాను, రెండు ఎల్‌ఈడీలు దాదాపు ఒక రోజు నడుస్తాయి. బ్యాటరీలోకి వెళ్లే కరెంటును అదుపు చేసే సరైన చార్జ్ కంట్రోలరుతో 300 వాట్ల పైచిలుకు సోలార్ ప్యానెల్ ఒకటి కలిపితే, మబ్బు లేని రోజు దాన్ని మళ్లీ నింపుతుంది.

నెలల మాటకొస్తే నిజం చెప్పాలి, పదో అంతస్తు ఫ్లాటులో ఎంత సరుకు పేర్చినా కుదరదు. సొంతూళ్లో ఎవరింటికి వెళ్లగలరో ఇప్పుడే అనుకోండి, వాళ్లతో మాట్లాడుకోండి. మా ఊళ్లో వాడక పూడిపోయిన నూతికి నేను పూడిక తీయించి, మోటారు ఉన్నా గిలక కూడా పెట్టించాను. మీ దగ్గర బోరే ఉంటే వేసవిలో నీళ్లు ఎన్ని అడుగుల్లో ఉంటాయో కనుక్కోండి. ఇండియా మార్క్ 2 చేతిపంపు 150 అడుగుల దాకా లాగుతుంది. అంతకన్నా కింద ఉంటే మోటారు, దానికి తగ్గ సోలార్ తప్పవు.