బనియన్‌ని నేయరమ్మాయ్!

చి॥ మాధవికి,

నీ కథ అందింది. రెండో పేజీలోనే ఆగిపోయాను. తమిళనాడు బనియన్ల ఊరు తిరుప్పూరు గురించి ‘తిరుప్పూరు బనియన్ కంపెనీల్లో మగ్గాలు నిద్రపోవు’ అని రాశావు. బనియన్ కంపెనీలో మగ్గమెక్కడిదమ్మా? బనియన్‌ని నేయరు, అల్లుతారు. నేతలో పడుగు, పేక అని రెండు వరసల దారాలు ఒకదాన్నొకటి దాటుతాయి. అల్లికలో దారం లూపుగా మారి, కింది వరస లూపులోంచి పైకొస్తుంది. చొక్కా గుడ్డ సాగదు, బనియన్ సాగుతుంది; తేడా అక్కడుంది. నీ కథలో మగ్గం పదకొండుసార్లు వచ్చింది, లూపు ఒక్కసారీ రాలేదు.

‘బతుకు మగ్గం’, ‘ఆశల పోగులు’ అంటూ మనవాళ్లు ఎన్నేళ్లుగా రాస్తున్నారో! బట్ట కనబడితే చాలు, ఈ ఉపమానం తగిలించేస్తారు. యంత్రం గురించి రెండు వాక్యాలు రాస్తే మాత్రం ‘సమాచారం తగ్గించి ఆర్ద్రత పెంచండి’ అనే సంపాదకులున్నారు. నువ్వు వాళ్ల మాట వినకు.

30 అంగుళాల వ్యాసం, 24 గేజీ ఉన్న గుండ్రటి అల్లిక యంత్రం ఊహించుకో. గేజీ అంటే అంగుళానికి ఎన్ని సూదులన్న లెక్క. చుట్టుకొలతతో గుణిస్తే సుమారు 2,260 సూదులు. చుట్టూ సూదులకు దారం అందించే ఫీడర్లు 90 దాకా, ఒక్కోదానికి ఒక్కో దారం. యంత్రం ఒక చుట్టు తిరిగేసరికి 90 వరసల బట్ట గొట్టంలా కిందికి దిగుతుంది. టకటక చప్పుడేమీ ఉండదు. ఎడతెగని గుయ్యిమనే మోత, దూది నుసి సూదుల్లో ఇరుక్కోకుండా ఊదేసే ఫ్యాన్లు, ఇవీ అక్కడుండేవి. ఒక్క సూది కొక్కెం వంగిందా, బట్ట చుట్ట పొడుగునా నిలువు గీత పడుతుంది. వేరే లాటు నూలు కలిసిందా, అడ్డ పట్టీలు వస్తాయి. ఈ పట్టీలు తెల్లబట్టలో సరిగ్గా కనబడవు, రంగు వేశాక బయటపడతాయి. అప్పుడు నూలు మిల్లువాడు, అల్లినవాడు, రంగు వేసినవాడు ముగ్గురూ తప్పు పక్కవాడి మీదకి తోస్తారు. దండగ ఎవరు కట్టాలి? నీ కథకు కావలసిన గొడవ అక్కడుంటే, నువ్వు యజమాని చేత మీసం మెలి వేయించావు!

ఉతికిన బనియన్ పక్కకుట్టు పొట్ట మీదకి ఎందుకు తిరుగుతుందో కూడా తెలుసుకో. నూలుకి పెట్టిన పురి విడిపోవాలని చూస్తుంది, లూపు ఒక పక్కకి ఒరుగుతుంది. దానికి తోడు, 90 ఫీడర్ల యంత్రంలో వరసలు మరమేకు గాడిలా ఏటవాలుగా ఎక్కుతాయి. రంగయ్యాక బట్టను పరిచి సేద తీరనివ్వకుండా, ఆర్డరు తొందరలో వెంటనే కత్తిరిస్తే ఉతికినప్పుడు కుదించుకుపోతుంది కూడా. ఆ తొందర మేనేజరుది. తిట్లు కుట్టినమ్మాయికి.

తిరుప్పూరు మీదుగా పారే నొయ్యల్ నది గురించి ‘ఎర్రగా, నీలంగా ఏడ్చింది’ అన్నావు. రంగు కంటికి కనబడేది. పంటను చంపింది ఉప్పు. నూలు బట్టకు వేసే రియాక్టివ్ రంగు నీళ్లలోంచి నూలు మీదకి ఎక్కాలంటే ఉప్పు వేయాలి; ముదురు రంగైతే లీటరుకు 60 గ్రాములనుకో. బట్టను తిప్పుతూ రంగు వేసే పాత వించ్ తొట్టిలో కిలో బట్టకు 15 లీటర్ల నీళ్లు పడితే, 100 కిలోల బట్టకు 1,500 లీటర్లు, అంటే 90 కిలోల ఉప్పు. తరవాత సోడా యాష్ వేస్తే రంగు బట్టకి పట్టుకుంటుంది. ఉప్పు బట్టలో మిగలదు, దాదాపు అంతా మురుగులోకే. సున్నం వేసి రంగు తేర్చినా ఉప్పు పోదు. పంటలకని ఆ నది మీద 1992లో కట్టిన ఒరత్తుపాళయం ఆనకట్టలో ఆ నీళ్లే చేరాయి. ఆనకట్ట కింది రైతులు కోర్టుకెక్కారు. చివరికి 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అద్దకం యూనిట్లను మూసేయమంది. ఇప్పుడు ఆ మురుగును ఆర్‌ఓ పొరల్లో వడకట్టి, మిగిలినదాన్ని మరగబెట్టి, ఉప్పు వెనక్కి తీసి వాడుకోవాలి.

నీ నాయిక రోజుకు పన్నెండు గంటలు కుడుతుంది. ‘దోపిడీ’ అని ఒక్క మాటలో తేల్చేశావు. లెక్క కట్టి చూపించు. అక్కడ పని షిఫ్టుల లెక్క: ఎనిమిది గంటలు ఒక షిఫ్టు, పన్నెండు గంటలు ఒకటిన్నర. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ చట్టం ప్రకారం అదనపు గంటకు రెట్టింపు కూలి. ఎనిమిదికి నాలుగు రెళ్లు ఎనిమిది కలిపితే పదహారు గంటల కూలి, అంటే రెండు షిఫ్టులు రావాలి. రోజూ అర షిఫ్టు గల్లంతు. ఆరు రోజులకు మూడు షిఫ్టులు! పీస్ రేటు మీద, అంటే ముక్కకింత అని కుట్టేవాళ్ల గొడవ వేరు. ‘ఒకటిన్నర షిఫ్టు’ అన్న మాట ఆమె నోట మామూలుగా పలికించి ఊరుకో. ‘దోపిడీ’ కొట్టెయ్.

ఇక కాలం. నీ కథలో అవ్వ 1962లో విదేశాలకి రంగు టీషర్టులు కుట్టింది. అప్పటి తిరుప్పూరు దేశంలో అమ్ముకునే తెల్ల బనియన్ల ఊరు, కుట్టేవాళ్లు ఎక్కువగా మగవాళ్లే. ఎగుమతి గాలి డెబ్భైల చివర్లో తగిలింది, ఆడవాళ్లు పెద్ద ఎత్తున వచ్చింది ఆ తరవాతే. 1984లో కరువు భత్యం కోసం 127 రోజులు సమ్మె చేశారు కార్మికులు. తరవాత పని, పెద్ద కంపెనీలకు కూలికి చేసిపెట్టే చిన్న చిన్న జాబ్‌వర్క్ యూనిట్లకు చీలింది. ఒకే గేటు ముందు అందరూ నిలబడే వీలు తగ్గింది. అవ్వను ఇరవయ్యేళ్లు ముందుకు జరుపు, ఆ సమ్మెలో నిలబెట్టు.

అవ్వ తెలుగు గురించి కూడా. ఆమె అరుంధతీయుల ఇంటి మనిషి అన్నావు. తిరుప్పూరు, కోయంబత్తూరు ఉన్న కొంగునాడులో ఆ ఇళ్లలో చాలావాటిలో తెలుగే మాట్లాడతారు, తమిళం కలిసిన తెలుగు. నువ్వేమో ఆమె చేత రేడియో వార్తలు చదివించావు.

చెకింగ్ బల్ల దగ్గర ఆడమనిషి లోపం ఉన్న చోట బాణం గుర్తు స్టిక్కరు అంటించి, అది తన చెల్లెలి కుట్టే అని గుర్తుపట్టి, మళ్లీ పీకేసే చోటు ఉందే, అక్కడ ఒక్క అక్షరం ముట్టుకోకు.

ఏ పత్రికకి పంపాలని అడిగావు. ముందు కథ కానీ. చివరి పేజీలో నాయిక ఒకటో తారీకున జీతం తీసుకుంటోంది. అక్కడ కూలి వారం వారం, శనివారం ఇస్తారు. దిద్ది పంపు. ఈసారి అక్షరాలు పెద్దవి పెట్టి ప్రింటు తియ్యి, నా కళ్లు ఆనడం లేదు.