నడుము పట్టేస్తే మంచమెక్కాలా?

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోస్తాను. పది రోజుల క్రితం నడుము పట్టేసింది. ఇంట్లోవాళ్లు నెలరోజులు మంచం దిగొద్దంటున్నారు, తోటివాళ్లు బెల్టు కొనుక్కోమంటున్నారు. ఏం చేయాలండీ?

జవాబు: ముందు మంచం దిగండి. మరీ భరించలేకపోతే ఒకటి రెండు రోజులు పడుకోవచ్చు కానీ, నెలంతా పడుకుంటే నడుమును పట్టి ఉంచే కండరాలు బలహీనపడి, పనిలోకి వెళ్లగానే మళ్లీ పట్టేసే ప్రమాదం ఉంది. ఇలాంటి నొప్పి చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది, స్కానింగ్ అంటూ అప్పుడే టెన్షన్ పడొద్దు. రోజూ కాసేపు నడవండి. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పాదాలు నేలకు ఆనించి, పిరుదులు మెల్లగా పైకెత్తి ఐదు లెక్కపెట్టి దించండి. ఫిజియోథెరపిస్టు ముందు ఒకసారి చేసి చూపిస్తే తప్పులు సరిచేస్తారు. బెల్టు రోజంతా వద్దు. టిక్కీ ఎత్తేటప్పుడు మోకాళ్లు వంచి, దాన్ని పొట్టకు దగ్గరగా పట్టుకోండి, పక్కకు తిరగాలంటే నడుము మెలితిప్పకుండా పాదాలు కదపండి. అంత బరువు ఒక్కరే ఎత్తడం నాకు బాధగా ఉంది, ఇంకొకరిని చెయ్యి వేయమనడం నామోషీ కాదు.

కాలిలో బలం తగ్గినా, మూత్రం మీద పట్టు తప్పినా, కూర్చునే చోట స్పర్శ పోయినా ఆ గంటలోనే జీజీహెచ్‌కి (ప్రభుత్వ పెద్దాసుపత్రికి) వెళ్లిపోండి.