టెక్ సందేహాలు: మెటల్ డిటెక్టర్ కాయిల్‌ను చుట్టడం, పరీక్షించడం

ప్రశ్న: పల్స్ ఇండక్షన్ మెటల్ డిటెక్టర్ కిట్టు కొని బోర్డును నేనే సోల్డరింగ్ చేసుకున్నాను. 25 గేజి వైండింగ్ వైరుతో, 20 సెంటీమీటర్ల వ్యాసంతో, 25 చుట్ల కాయిల్ చుట్టాను. ఐదు రూపాయల నాణెం ఐదారు సెంటీమీటర్లు దాటితే పట్టడం లేదు. కాయిల్‌ను కాస్త కదిపినా కూత పెడుతోంది. బోర్డులో లోపం ఉందంటారా? — ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, ఖమ్మం

జవాబు: బోర్డును అనుమానించే ముందు కాయిల్‌ను దాని నుంచి విడదీసి విడిగా పరీక్షించండి. సొంతంగా తయారు చేసుకున్న డిటెక్టర్లు సరిగా పనిచేయనప్పుడు చాలామంది ఐసీలు మార్చి మార్చి విసిగిపోతారు కానీ, తప్పు ఎక్కువగా ఆ తీగ చుట్టలోనే ఉంటుంది.

ఈ రకం డిటెక్టర్ కాయిల్‌లోకి కొన్ని పదుల నుంచి వందలాది మైక్రోసెకన్ల పాటు కరెంటు పంపి, దానిని ఒక్కసారిగా ఆపేస్తుంది. అప్పుడు కుప్పకూలే అయస్కాంత క్షేత్రం దగ్గరలోని లోహంలో సుడి ప్రవాహాలను (లోహంలోనే గుండ్రంగా తిరిగే చిన్న కరెంట్లను) పుట్టిస్తుంది, కాయిల్‌లో కూడా వందల వోల్టుల పోటును లేపుతుంది. ఆ పోటు అణగిపోయిన తరువాత, అంటే కరెంటు ఆపిన పది, ఇరవై మైక్రోసెకన్లకు, లోహం నుంచి వచ్చే అతి చిన్న సంకేతాన్ని బోర్డు వెతుకుతుంది. కాయిల్ సొంత పోటు త్వరగా అణగకపోతే నాణెం సంకేతం దాని కింద మునిగిపోతుంది. మీ డిటెక్టర్ దగ్గరి నాణేన్ని మాత్రమే పట్టడానికి ఇదే కారణం కావచ్చు.

మీరు చెప్పిన కొలతలకు తీగ పొడవు దాదాపు 16 మీటర్లు, నిరోధం 1.4 ఓమ్‌ల దగ్గర, ఇండక్టెన్స్ (కరెంటు మార్పును కాయిల్ ఎదిరించే గుణం) 320 మైక్రోహెన్రీల దగ్గర ఉండాలి. నిరోధాన్ని మల్టీమీటరుతో చూసేటప్పుడు ముందుగా రెండు ప్రోబులను ఒకదానికొకటి తాకించి, వాటి సొంత నిరోధాన్ని తీసివేయండి. అయితే మల్టీమీటరు ఇక్కడ పెద్దగా సాయపడదని గుర్తుంచుకోవాలి. తీగ మీది ఎనామిల్ పూత గీసుకుపోయి ఒక చుట్టు పక్క చుట్టుతో షార్ట్ అయితే నిరోధం 1.4 నుంచి 1.34కు తగ్గుతుందంతే, ఆ తేడాను మామూలు మీటరు చూపలేదు. కానీ ఆ ఒక్క చుట్టు క్షేత్రాన్ని తనలోకి లాక్కుని ఇండక్టెన్స్‌ను స్పష్టంగా పడగొడుతుంది. ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరికే చవక ట్రాన్సిస్టర్ టెస్టర్లలో చాలావాటికి ఇండక్టెన్స్ చూపే సౌకర్యం ఉంది; అందులో 0.32 మిల్లీహెన్రీకి, అంటే 320 మైక్రోహెన్రీలకు దగ్గరగా వస్తే ఫర్వాలేదు. చాలా తక్కువగా వస్తే కాయిల్‌ను విప్పి మళ్లీ చుట్టవలసిందే.

టెస్టర్ లేకపోతే ల్యాప్‌టాప్ చాలు. కాయిల్‌కు సమాంతరంగా ఒక మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్ కలిపి, హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి వెయ్యి ఓమ్‌ల రెసిస్టర్ గుండా ఆడియో టోన్ పంపి, ఫ్రీక్వెన్సీని మెల్లగా పెంచుతూ, కాయిల్ మీది వోల్టేజిని మైక్ ఇన్‌పుట్ ద్వారా గమనించండి. 320 మైక్రోహెన్రీల కాయిల్‌కు అది 9 కిలోహెర్ట్జ్‌ల దగ్గర శిఖరానికి చేరాలి. ఈ పరీక్ష బోర్డు నుంచి విడదీసిన కాయిల్‌కు మాత్రమే. పల్సులు నడుస్తున్న కాయిల్‌ను ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే సౌండ్ కార్డు కాలిపోతుంది.

ఇక కదిపితే కూసే సంగతి. చుట్లు వదులుగా ఉంటే కదిలినప్పుడల్లా ఇండక్టెన్స్, కెపాసిటెన్స్ (చుట్ల మధ్య విద్యుదావేశం నిలిచే గుణం) రెండూ కొద్దికొద్దిగా మారుతుంటాయి. టేపు చుట్టి వదిలేయకండి. మోటార్లు రీవైండింగ్ చేసే దుకాణంలో కాయిల్‌ను వార్నిష్‌లో ముంచి ఆరబెట్టి ఇస్తారు. లేదా ప్లాస్టిక్ పళ్లెంలో పెట్టి ఎపాక్సీ పోయండి. కాయిల్ నుంచి బోర్డుకు వచ్చే కేబుల్‌ను కూడా కర్రకు బిగించి కట్టాలి, ఎందుకంటే వేలాడే కేబుల్ కూడా కూతకు కారణమవుతుంది.

ఇవన్నీ సరిగా ఉంటే చివరిది, పోటును అణచడానికి కాయిల్‌కు సమాంతరంగా ఉండే డ్యాంపింగ్ రెసిస్టర్. దాని విలువ ఎక్కువైతే పోటు అటూ ఇటూ ఊగుతూ ఆగుతుంది, తక్కువైతే ఈడ్చుకుంటూ తగ్గుతుంది. ఇండక్టెన్స్‌ను మొత్తం కెపాసిటెన్స్‌తో భాగించి, వర్గమూలం తీసి, అందులో సగం తీసుకుంటే సరైన విలువ వస్తుంది. కాయిల్, కేబుల్, మాస్‌ఫెట్ (కాయిల్ కరెంటును ఆన్, ఆఫ్ చేసే ట్రాన్సిస్టర్)లవన్నీ కలిపి 400 పికోఫారడ్లు అనుకుంటే అది సుమారు 450 ఓమ్‌లు. ఆసిలోస్కోపు ఉంటే వందల వోల్టులుండే కాయిల్ కొసల దగ్గర కాకుండా, యాంప్లిఫయర్ ఇన్‌పుట్‌లోని రెండు డయోడ్ల దగ్గర చూడండి. లేకపోతే 390, 470, 560, 680 ఓమ్‌లను ఒక్కొక్కటిగా పెట్టి, ఒకే నాణెం ఏ విలువకు ఎక్కువ దూరం నుంచి వినిపిస్తుందో దానినే ఉంచుకోండి.

ఈ పరీక్షను చెక్క బల్ల మీద చేయండి. మీ గది నేలలోనూ పైకప్పులోనూ ఇనుప చువ్వలు ఉంటాయి కనుక రెండింటికీ మీటరు ఎడమ అవసరం. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ ఒంట్లోని తూటాను కనిపెట్టడానికి అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఇటువంటి పరికరంతోనే ప్రయత్నించి విఫలమయ్యాడు. రోగి పరుపు కింద ఉక్కు తీగలున్నట్లు తరువాత గానీ ఆయనకు తెలియలేదు. చేతి గడియారం, ఉంగరం, గాజులు కూడా తీసి పక్కన పెట్టండి.

ప్రశ్న: గడ్డి తగిలినా, చెయ్యి దగ్గర పెట్టినా డిటెక్టర్ మోగుతుంటే కాయిల్ చుట్టూ వంటింటి అల్యూమినియం ఫాయిల్ చుట్టాను. ఇప్పుడు అసలు దేనికీ మోగడం లేదు. — ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: షీల్డ్, అంటే గడ్డి, చెయ్యి కాయిల్ కెపాసిటెన్స్‌ను మార్చకుండా అడ్డుకునే పొర వేయాలన్న ఆలోచన సరైనదే. కానీ ఫాయిల్ రెండు కొసలూ ఒకదానికొకటి తాకి ఉంటాయి. అప్పుడది పూర్తి వలయమై, ఒక షార్ట్ అయిన చుట్టులా పనిచేసి క్షేత్రాన్ని చంపేస్తుంది. కొసల మధ్య ఒక సెంటీమీటరు ఖాళీ వదిలి, షీల్డ్‌ను ఒకే ఒక్క చోట గ్రౌండ్‌కు కలపండి. ఖాళీకి అటూ ఇటూ ప్రోబులు పెట్టి మల్టీమీటరు కూసిందని కంగారు పడవద్దు. ఫాయిల్ అటువైపు నుంచి చుట్టి వస్తుంది కాబట్టి అది కూయడమే సహజం. ఖాళీని కంటితోనే చూసి నిర్ధారించుకోవాలి.

పల్స్ డిటెక్టర్‌కు వంటింటి ఫాయిల్ అంత మంచిది కాదన్నది నా అభిప్రాయం. అందులోనే సుడి ప్రవాహాలు పుట్టి సంకేతాన్ని చెడగొట్టవచ్చు. ఏ పదార్థం వాడాలనుకున్నా ముందు దాని ముక్కను షీల్డ్ లేని కాయిల్ ముందు ఆడించండి. డిటెక్టర్ మోగితే అది షీల్డ్‌కు పనికిరాదు. గ్రాఫైట్ కలిపిన పెయింట్ ఈ పరీక్షలో సాధారణంగా నెగ్గుతుంది. వైండింగ్‌కూ షీల్డ్‌కూ మధ్య రెండు, మూడు మిల్లీమీటర్ల ఫోమ్ ఉంచితే కెపాసిటెన్స్ అంతగా పెరగదు. అయినా షీల్డ్ వేశాక డ్యాంపింగ్ రెసిస్టర్‌ను మళ్లీ సరిచూసుకోండి.

ప్రశ్న: 12 వోల్టుల బ్యాటరీ బదులు 24 వోల్టులు పెడితే లోతు రెట్టింపు అవుతుందా? — ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: కాదు. కాయిల్ వ్యాసార్థాన్ని బాగా దాటిన తరువాత దాని క్షేత్రం దూరపు ఘనానికి విలోమంగా తగ్గుతుంది. లోహం నుంచి తిరిగి వచ్చే సంకేతం కూడా అలాగే తగ్గుతుంది. రెండూ కలిసి ఆరవ ఘాతం. అంటే నాణెం రెట్టింపు దూరం జరిగితే సంకేతం 64వ వంతుకు పడిపోతుంది. అందువల్ల 24 వోల్టులతో కాయిల్ కరెంటును రెట్టింపు చేసినా దక్కే అదనపు దూరం 12 శాతమే, అంటే 20 సెంటీమీటర్లు 22 అవుతాయి. ఈలోగా మాస్‌ఫెట్ వేడెక్కి పోవచ్చు. పెద్ద వస్తువులు లోతుగా కావాలంటే కాయిల్ వ్యాసాన్ని పెంచండి, అప్పుడు చిన్న నాణేలు దొరకడం కష్టమవుతుంది. అమ్మకపు ప్రకటనల్లో కనిపించే మీటర్ల లోతులు తరచుగా ఇనుప పీపాల వంటి పెద్ద వస్తువులకు సంబంధించినవి.

ప్రశ్న: ఇదే పరికరంతో మా పొలంలో పాత నాణేల కోసం వెతకవచ్చా? — ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: పొలంలో పోయిన నాగలి కర్రును, పాతిన ఇనుప పైపును వెతుక్కోవచ్చు. పాత నాణేలు దొరికితే మాత్రం 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం వర్తిస్తుంది. భూమిలో దాగి ఉన్న, పది రూపాయలకు మించిన విలువ గలది ఏది దొరికినా కలెక్టరుకు లిఖితపూర్వకంగా తెలపాలి. రక్షిత కట్టడాల ప్రాంగణాల్లో అనుమతి లేకుండా తవ్వడం నేరం, కాబట్టి అక్కడికి డిటెక్టర్ తీసుకుని వెళ్లవద్దు.