ఇంటర్న్‌షిప్‌కు పోయే ముందర: తరగతి గదిలో తెర వాడకం గురించి

తిరుపతి.

చిరంజీవి ప్రసన్నకు పెద్దమ్మ ఆశీస్సులు.

టీచర్ ఇంటర్న్‌షిప్ కోసం రాసే పాఠ్య పథకంలో "ఐసీటీ వినియోగం" (కంప్యూటర్, తెర లాంటి సాంకేతిక సాధనాల వాడకం) అనే గడిలో ఏం రాయాలి, ఏయే యాప్‌లు నేర్చుకుని పోవాలి అని అడిగావు. యాప్‌ల సంగతి తర్వాత చూద్దాం. ముందు ప్రతి పాఠానికీ ఒక ప్రశ్న వేసుకో: నల్లబల్ల మీద నేను చూపలేనిది ఈ పాఠంలో ఏముంది? దానికి జవాబు దొరక్కపోతే ఆ గడిలో "ఈ పాఠానికి అవసరం లేదు" అని ధైర్యంగా రాయి. పర్యవేక్షణకు వచ్చినవాళ్లు మార్కులు తగ్గిస్తారేమో అన్న భయంతో వీడియో ఒకటి ఇరికించొద్దు. ఎందుకు అవసరం లేదో రెండు వాక్యాల్లో చెప్పగలిగితే, వినేవాళ్లకు నీ ఆలోచన తెలుస్తుంది.

రసాయన సమీకరణాలు తుల్యం చేయడం తీసుకో. అది సుద్దముక్కతోనే బాగుంటుంది. నువ్వు ఒక్కో అంకె వేస్తుంటే పిలకాయల చూపు నీ చేతి వెంటే నడుస్తుంది, తప్పు వేస్తే తుడిచి మళ్లీ వేయడం కూడా పాఠమే. అదే స్లైడ్‌లో పెడితే సమీకరణం మొత్తం ఒక్కసారిగా కనిపిస్తుంది, వాళ్లు ఆలోచించేది మానేసి నోటుపుస్తకంలోకి ఎక్కించుకోవడం మొదలుపెడతారు. తెర అవసరమయ్యేవి వేరే ఉన్నాయి. కంటికి కనిపించని ఎలక్ట్రాన్ల కదలిక, వారం పట్టే విత్తనం మొలక, క్లాసులో చేయకూడని సోడియం ముక్క నీళ్లలో వేసే ప్రయోగం, గ్రహణాలప్పుడు సూర్యుడు, చంద్రుడు, భూమి ఉండే తీరు, ఇట్లాంటివి.

బడిలో చేరిన మొదటిరోజే, పిలకాయలు ఇంటికి పోయాక, ఆ గదిలోకి పోయి చివరి బెంచీలో కూర్చుని చూడు. మన ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో పెట్టిన ఇంటరాక్టివ్ ప్యానెల్ (తాకితే పనిచేసే పెద్ద తెర) మూల నుంచి మూలకు 65 అంగుళాలదైతే దాని ఎత్తు 32 అంగుళాలు. చదవాల్సిన అక్షరాలున్న తెరను దాని ఎత్తుకు ఆరు రెట్ల దూరం దాకానే ఇబ్బంది లేకుండా చదవగలరు. అంటే 16 అడుగులు. 75 అంగుళాలదైతే 18 అడుగులు. గది అంతకన్నా పొడుగుంటే వెనక రెండు వరుసల వాళ్లకు నీ స్లైడ్ ఒట్టి వెలుగే. బెంచీలు ముందుకు జరిపించు, లేదా అక్షరం పెంచు. తెలుగుకు 28 పాయింట్లు తక్కువలో తక్కువ, శీర్షికకు 40. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే వరుసల ఎడం మన ఒత్తులకు చాలదు, పై వరుస ఒత్తు కింద వరుస తలకట్టుకు తగులుతుంది. ఎడం ఒకటిన్నర పెట్టి, స్లైడ్‌కు ఆరు వరుసలు దాటనీకు.

ఫాంట్ల దగ్గర చానామంది దెబ్బతింటారు. అను ఫాంట్లలో టైపు చేసిన ప్రశ్నపత్రమో నోట్సో ఆ ఫాంట్ లేని యంత్రంలో తెరిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి, ఎందుకంటే అది యూనికోడ్ (ఏ యంత్రంలోనైనా అదే అక్షరంగా తెరుచుకునే పద్ధతి) కాదు. యూనికోడ్‌లోనే టైపు చెయ్యి. గౌతమి, మండలి, నోటో తెలుగు, ఏదైనా ఫర్వాలేదు. అట్లా చేసినా పవర్‌పాయింట్ ఫైలు నీ ల్యాప్‌టాప్‌లో ఒక రకంగా, ప్యానెల్‌లోని ఆండ్రాయిడ్‌లో ఇంకో రకంగా కనిపించొచ్చు. అక్కడ ఆ ఫాంట్ లేకపోతే వేరేది వచ్చి కూర్చుంటుంది, వరుసలు పెట్టె దాటి కిందికి జారతాయి. యానిమేషన్ లేని స్లైడ్లన్నీ పీడీఎఫ్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకో. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ కన్నా పెద్ద ఫైలు దాంట్లోకి ఎక్కదు. వీడియోలు ఎమ్‌పీ4, హెచ్.264లో ఉంటే దాదాపు ఏ ప్యానెల్ అయినా ఆడిస్తుంది. ఎమ్‌కేవీ ఫైళ్లలో బొమ్మ వచ్చి శబ్దం రాకపోవడం మామూలు, ఆ శబ్దాన్ని విప్పి వినిపించే కోడెక్ ప్యానెల్‌లో ఉండదు.

ప్యానెల్ తాకుడు పసిగట్టేది సాధారణంగా అంచుల్లోని ఇన్‌ఫ్రారెడ్ కిరణాలతో. వేలే తగలాలనేం లేదు, కిరణానికి ఏది అడ్డొచ్చినా అది తాకుడే అనుకుంటుంది. చున్నీ అంచు తగిలినా, గాజులు తగిలినా గీత పడుతుంది. పైట కొంగు దోపుకుని, తెరకు రవంత పక్కగా నిలబడి రాయి. పక్కనున్న బల్ల మీద నుంచి రాలే సుద్దపొడి కింది అంచులో పేరుకున్నా, కిటికీ ఎండ నేరుగా అంచు మీద పడినా, తెర తనంతట తాను నొక్కుకుంటున్నట్టు పేజీలు మారుస్తుంది. ప్యానెల్ పాడైందని కంప్లయింట్ రాసే ముందు దాన్ని ఆపి, పొడి మెత్తటి గుడ్డతో నాలుగు అంచులూ తుడువు, కిటికీ మూసి చూడు. నీళ్లు మాత్రం తెర మీద చల్లొద్దు.

ఇక పాఠంలోకి వద్దాం. పదో తరగతి విద్యుత్ పాఠం తీసుకో, ఎందుకంటే అక్కడ తెరకు నిజంగా పని ఉంది. శ్రేణిలో రెండు బల్బులు కలిపితే, మొదటి బల్బు కరెంటు కొంత తినేసి మిగిలింది రెండోదానికి పంపుతుందని పిలకాయలు గట్టిగా నమ్ముతారు. నువ్వు "ప్రవాహం అంతటా ఒకటే" అని పదిసార్లు చెప్పినా రాసుకుంటారే గాని నమ్మరు. ఆ నమ్మకాన్ని బయటికి లాగి, వాళ్ల కళ్ల ముందర పరీక్షకు పెట్టాలి.

దీనికి ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీదే ప్రయోగం చేసి చూసేవి, ఉన్నాయి. 2002లో భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టినవి, ఉచితం. వాటిలో డీసీ సర్క్యూట్ కట్టేది ఒకటి ఉంది. ఇంట్లో డౌన్‌లోడ్ చేసుకుంటే బడిలో నెట్ లేకపోయినా బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది.

45 నిమిషాల పీరియడ్‌ను ఇట్లా పంచుకో. తెర ఆపి ఉంచే మొదలుపెట్టు. నల్లబల్ల మీద బ్యాటరీ, శ్రేణిలో రెండు బల్బులు గీసి ప్రశ్న వెయ్యి: ఏ బల్బు ఎక్కువ వెలుగుతుంది? మొదటిదా, రెండోదా, రెండూ ఒకటేనా, రెండూ వెలగవా? అందరూ నోటుపుస్తకంలో జవాబు, దానికి కారణం రాయాలి. ఐదు నిమిషాలు. రాసేదాకా ఎవరూ నోరు విప్పకూడదు, లేకుంటే క్లాస్ ఫస్ట్ వచ్చే పిల్ల చెప్పిందే అందరి జవాబు అవుతుంది. తర్వాత ఏ, బీ, సీ, డీ అట్టముక్కలు ఒక్కసారిగా ఎత్తమను. సరైన జవాబు 30 నుంచి 70 శాతం మధ్య ఉంటే, జవాబు చెప్పకుండా పక్కవాళ్లతో వాదించుకోమని ఐదు నిమిషాలు ఇవ్వు. అంతకన్నా తక్కువైతే వాళ్ల దగ్గర వాదించుకోవడానికి సరుకు లేదన్నమాట, నువ్వే మళ్లీ చెప్పాలి. 70 దాటితే ముందుకు పో. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజుర్ 1991లో మొదలుపెట్టిన పద్ధతి ఇది, అట్టముక్కలతో కూడా అంతే బాగా నడుస్తుంది. ప్లికర్స్ అని ఒక యాప్ ఉంది, పిలకాయలు పట్టుకున్న కాగితపు కార్డులను ఫోన్ కెమెరాతో స్కాన్ చేస్తే ఎవరెవరు ఏం చెప్పారో నమోదు చేస్తుంది. బాగుంటుంది గాని, తరగతిలోకి ఫోన్ తీసుకుపోవాలంటే ప్రధానోపాధ్యాయుల అనుమతి ముందే తీసుకో.

ఇప్పుడు తెర వెయ్యి. బ్యాటరీ 9 వోల్టులు, ఒక్కో బల్బు నిరోధం 10 ఓమ్‌లు పెట్టు. ఒక్క బల్బుకు అమ్మీటరు 0.90 ఆంపియర్లు చూపిస్తుంది. రెండోది శ్రేణిలో కలిపితే 0.45. అమ్మీటరును మొదటి బల్బు ముందు, రెండింటి మధ్య, రెండోదాని తర్వాత పెట్టించు. నువ్వు పెట్టొద్దు, "మొదటిదే ఎక్కువ" అని రాసిన పిల్లవాడిని పిలిచి వాడి చేతే పెట్టించు. మూడుచోట్లా 0.45 వస్తుంది. అప్పుడు నిశ్శబ్దంగా ఉండు. వాడు ఏం అంటాడో వినడం ఆ పీరియడ్‌లో నీకున్న ముఖ్యమైన పని. తర్వాత సమాంతరంగా కలిపితే ఒక్కోదాంట్లో 0.90, మొత్తం 1.80.

ఈ సిమ్యులేషన్‌లో రెండు చిక్కులు ముందే చూసుకో. ఒకటి, అది ఎలక్ట్రాన్ల కదలిక చూపిస్తుంటే, ఆ దిశ పుస్తకంలోని విద్యుత్ ప్రవాహ దిశకు ఎదురుగా ఉంటుంది. ఏది చూపాలో ఎంచుకునే మీట ఉంది, సంప్రదాయ దిశకు మార్చుకో, లేదా ఎలక్ట్రాన్లు ఎందుకు ఎదురు పోతున్నాయో ముందే చెప్పు. రెండోది దీనికన్నా పెద్దది. అక్కడి బ్యాటరీకి అంతర్నిరోధం (బ్యాటరీ లోపలే ఉండే నిరోధం) సున్నాగా పెట్టి ఉంటుంది. అందుకే సమాంతరంగా రెండో బల్బు కలిపినా మొదటిది రవ్వంత కూడా తగ్గదు. తర్వాత నువ్వు నిజం సెల్లులతో చేస్తే, అవి పాతవైతే, రెండో బల్బు కలపగానే మొదటిది మసకబారుతుంది. పిలకాయలు "టీచర్, తెరలో ఒకటి, ఇక్కడ ఒకటి" అంటారు. బ్యాటరీ అంతర్నిరోధం 2 ఓమ్‌లకు జరిపి చూపించు. ఒక్క బల్బుకు 0.75, రెండు సమాంతరంగా ఉంటే ఒక్కోదానికి 0.64 వస్తుంది. తెర ఒక ఆదర్శ సర్క్యూట్‌ను చూపిస్తోందని వాళ్లకు అప్పుడు అర్థమవుతుంది. ఈ చర్చ కోసమే నిజం సర్క్యూట్ తప్పకుండా చెయ్యి: 1.5 వోల్టుల సెల్లులు రెండు, 2.5 వోల్టుల టార్చి బల్బులు రెండు, హోల్డర్లు, వైరు. ఒకే పెట్టెలోవైనా బల్బులు రెండూ కచ్చితంగా ఒకేలా వెలగకపోవచ్చు. అట్లయితే వాటి చోట్లు మార్పించు. వెలుగు తేడా చోటుతో రాలేదు, బల్బుతోనే పోయిందని తేలిపోతుంది.

కరెంటు పోతే? ఆ పాఠం మొత్తం సుద్దముక్కా, టార్చి బల్బులతో నడిచేలా రెండో పథకం అదే కాగితం వెనక రాసి ఉంచు. ప్యానెల్ తిరిగి మొదలయ్యేదాకా నలభైమందిని ఊరికే కూర్చోబెట్టకు. ఒక నిమిషం చూసి బల్ల దగ్గరికి పో.

వీడియో అయితే మూడు నిమిషాలు దాటొద్దు. యూట్యూబ్‌ను నేరుగా తెరవొద్దు, ప్రకటనలు వస్తాయి, అయిపోగానే ఇంకేదో మొదలవుతుంది. ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షాలోవి ముందే దించుకోవచ్చు. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఏం వస్తుందో ఇంట్లోనే చివరిదాకా చూడు, కొన్నిసార్లు పాఠానికీ దానికీ పొంతన ఉండదు. ఇంకొకటి. నగరి, పుత్తూరు వైపు బడుల్లో ఇంట్లో తమిళం మాట్లాడే పిలకాయలు, కుప్పం, వి.కోట వైపు కన్నడం మాట్లాడేవాళ్లు ఉంటారు. వేగంగా పోయే ఇంగ్లీషు వ్యాఖ్యానం వాళ్లకే కాదు, తెలుగు పిలకాయలకూ అందదు. శబ్దం ఆపేసి నువ్వే చెప్పు. ఎక్కడ ఆపాలో సెకన్లతో సహా రాసుకుని, ఆపినచోట "తర్వాత ఏమవుతుంది?" అని అడుగు.

సాంఘికశాస్త్రం చెప్పే నీ స్నేహితురాలికి గూగుల్ ఎర్త్ చూపించు. చంద్రగిరి నుంచి శ్రీకాళహస్తి దాకా స్వర్ణముఖి పోయే దారిని, కంప్యూటర్‌లో పాత ఉపగ్రహ చిత్రాలతో పోల్చి చూపొచ్చు. రాకెట్ ప్రయోగం ఉన్న రోజున మాత్రం ఆకాశం తేటగా ఉంటే తెర ఆపేసి పిలకాయలను ఆరుబయటికి తీసుకుపొమ్మను. శ్రీహరికోట మనకు తూర్పున దాదాపు 90 కిలోమీటర్ల దూరమే. ప్రత్యక్ష ప్రసారం కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తుంది కాబట్టి దాన్ని నమ్ముకుంటే ఆకాశంలో చూడాల్సింది తప్పిపోతుంది.

ఏఐతో ప్రశ్నలు తయారు చేసుకోవడం తప్పు కాదు. కానీ ప్రతి లెక్కా నీ చేత్తో చేసి చూడు, అది గీసిన సర్క్యూట్ బొమ్మను నేరుగా వాడకు, తీగ ఎక్కడో తెగి ఉంటుంది. పిలకాయల పేర్లు, మార్కులు, ఫొటోలు దాంట్లో వేయొద్దు. వాట్సాప్ స్టేటస్‌లో తరగతి ఫొటో పెట్టే అలవాటు కూడా మానుకో. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్లంతా పిల్లలే, వాళ్ల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. రికార్డుకు ఫొటో కావాలంటే వెనకనుంచి తీసింది, ముఖాలు కనిపించనిది పెట్టు.

చివరిగా నీ రిఫ్లెక్టివ్ డైరీ. "ఐసీటీ వాడటం వల్ల విద్యార్థులు ఆసక్తిగా విన్నారు" అని రాయొద్దు, దాంతో నీకు తెలిసేది ఏమీ లేదు. తెర వేయకముందు ఎంతమంది సరిగ్గా చెప్పారు, పాఠం తర్వాత ఎంతమంది, ఆ లెక్క రాయి. తప్పు జవాబులో ఒకటి ఆ పిల్లవాడి మాటల్లోనే రాయి. మళ్లీ అదే పాఠం చెప్తే తెర ఎన్ని నిమిషాలు తగ్గిస్తావో, లేక పెంచుతావో, ఎందుకో రాయి. ముందు మొదటి పాఠ్య పథకం పంపు, వెనక రాసిన రెండో పథకంతో సహా. ఆదివారం లోపల చూసి చెప్తా.

ఆశీస్సులతో,
పెద్దమ్మ