ఎర్ర పెన్ను ఇంట్లో పెట్టి వెళ్ళు

చిరంజీవి స్రవంతికి అత్త ఆశీస్సులు.

నిన్న మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. బీఈడీ సర్టిఫికెట్ చేతికొచ్చి ఏడాది కాలేదు, అప్పుడే హైస్కూలు పిల్లల చేత కథలు రాయించి, అదే కాంపౌండులోని ప్రైమరీ పిల్లలకు చెప్పిస్తానని హెడ్మాస్టరుగారిని ఒప్పించావట. 8, 9 తరగతుల నుంచి 24 మంది, శనివారం ఆఖరి రెండు పీరియడ్లు, నవంబరు 14 బాలల దినోత్సవానికి పుస్తకాలు సిద్ధం. మన ఇంట్లో ఇలాంటి పని నెత్తికెత్తుకున్నదానివి నువ్వే. గర్వంగానే ఉంది బిడ్డా. కానీ ఈ పని ఎక్కడెక్కడ చెడుతుందో తెలిసినదాన్ని, నువ్వు మొదలుపెట్టకముందే నాలుగు మాటలు రాయకపోతే నాకు నిద్రపట్టదు.

సులువైనవి ముందు చెప్పేస్తా. పిల్లలను ఇద్దరిద్దరిగా జత చెయ్యి, ప్రాణస్నేహితులను మాత్రం ఒకే జతలో పెట్టకు. పెన్సిలు, గీతలు లేని నోటుబుక్కు చాలు. ఒక్కొక్కరి చేత బొమ్మల పుస్తకాలు పదైనా చదివించు. బడిలో లేకపోతే ప్రథమ్ బుక్స్ వాళ్ళ వెబ్‌సైటు స్టోరీవీవర్‌లో తెలుగువి ఉచితంగా దొరుకుతాయి. వాటి మీద 1 నుంచి 4 దాకా చదివే స్థాయి వేసి ఉంటుంది, నీకు కావలసినవి 1, 2. మార్కుల మాట ఎత్తకు.

మొదటి రెండు శనివారాలు ఒక్క వాక్యం కూడా రాయించకు. నీ 24 మందిని ఒకటో తరగతికి, రెండో తరగతికి తీసుకెళ్ళి కూర్చోబెట్టు. ఒక్కొక్కరికి ఒక్కో చిన్నపిల్లనో పిల్లవాడినో అప్పగించు. ఆ పిల్ల దేనికి నవ్వుతుంది, దేనికి భయపడుతుంది, ఇంట్లో ఎవరి పక్కన పడుకుంటుంది, ఏ పన్ను ఊడింది, ఇవన్నీ కనుక్కుని రావాలి. పదమూడేళ్ళవాడికి ఆరేళ్ళప్పటి సంగతి గుర్తుండదు. ఉన్నట్టుండి కథ రాయమంటే వాడు పక్క బెంచీవాడికి రాస్తాడు: సినిమా ఫైటింగు, దయ్యాల మేడ, ఆఖర్న అందరూ చచ్చిపోవడం. ఒకటో తరగతి మానస కోసం రాయమంటే, నువ్వు చెప్పకుండానే మాటలు చిన్నవవుతాయి. ఇంకో గుంపు పిల్లలుంటారు, చిన్నవాళ్ళంటే తెలివి తక్కువవాళ్ళనుకుని ముద్దుముద్దుగా మాట్లాడేవాళ్ళు. వాళ్ళకు ఆరేళ్ళ పిల్లలే బుద్ధి చెప్తారు, నువ్వు కల్పించుకోకు.

చెప్పే కథ వేరు, చిన్నపిల్లలు తామే చదువుకునే కథ వేరు. ఈ తేడా మొదటే చెప్పకపోతే తర్వాత చాలా కాగితం పాడవుతుంది. చెప్పే కథలో ఎంత పెద్ద మాటైనా రావచ్చు, గొంతూ చెయ్యీ దాన్ని విప్పి చెప్తాయి. ఐదు నుంచి ఏడు నిమిషాలు, అంతకు మించొద్దు. చదివే కథలో పేజీకి ఒకటి రెండు వాక్యాలు, వాక్యానికి ఐదారు మాటలు, మొత్తం కలిపి నూట ఇరవై మాటలు దాటకూడదు. అమ్మ, అక్క, పిల్లి, చెట్టు లాంటి ఒత్తులు పిల్లల నోట్లో నలిగినవే కాబట్టి ఉండనీ. ప్రయత్నం, స్నేహం, ఆశ్చర్యం లాంటివి ఒకటో తరగతి పుస్తకంలో వద్దు. ‘ఆశ్చర్యపోయింది’ అని రాసే బదులు ‘నోరు తెరిచింది’ అని రాయించు. బొమ్మ గీయడానికీ వీలవుతుంది.

ముందు చెప్పించు, తర్వాత రాయించు. కాగితం చూడగానే ఈ వయసు పిల్లలకు పరీక్షల వ్యాసం గుర్తొస్తుంది, ‘ఒకానొక గ్రామమున’ అని మొదలుపెడతారు. నోటితో మొదలైతే ఆ బెడద లేదు.

అల్లడం నేర్పడానికి ఏడు చేపల కథను మించిన పాఠం లేదు. వేరే ఏదీ వెతకొద్దు. అది అందరికీ వచ్చు కాబట్టే పనికొస్తుంది. బోర్డు మీద దాని ఎముకలు మాత్రం రాయించు: ఒక చేప ఎండలేదు, ఎందుకు? అడిగిన ప్రతివాళ్ళూ తప్పు పక్కవాళ్ళ మీదికి నెడతారు, ప్రశ్న మారదు, పేరొక్కటే మారుతుంది. గడ్డిమోపు, ఆవు అంటూ పోయి పోయి చివరికి అందరికంటే చిన్నదైన చీమ దగ్గర ఆగుతుంది, ఆ చీమకు మాత్రం తన న్యాయం తనకుంది. రెండో ప్రశ్నకే పిల్లలు నీతో గొంతు కలుపుతారు. ఇప్పుడు ప్రతి జతనూ తమ ఊళ్ళోంచి ఒక గొలుసు అల్లమను. బస్సూ బస్సూ, ఎందుకు ఆలస్యమయ్యావు? గొర్లమంద అడ్డమొచ్చింది. మందా మందా, ఎందుకు అడ్డమొచ్చావు? అక్కడినుంచి వాళ్ళిష్టం. మొదటిసారి ఐదు లంకెలు చాలు, ఎక్కువైతే చెప్పేవాడే తడబడతాడు. చివరి లంకె చిన్నదై ఉండాలి, దానికి గట్టి కారణం ఉండాలి. కారణం దొరకని పిల్లలు ‘అదంతా కల’ అని ముగించేస్తారు. ఒప్పుకోకు.

ఇక అసలు సంగతి. దీనికోసమే ఈ ఉత్తరం.

బళ్ళల్లో పిల్లల చేత కథలు రాయించడం మొదలైనప్పటినుంచీ ఒక పాత తప్పు నడుస్తూనే ఉంది. పిల్ల రాస్తుంది, టీచరు దిద్దుతుంది, దిద్దిందే అచ్చవుతుంది. మంచి టీచర్లే చేస్తారు, ప్రేమతోనే చేస్తారు. అందుకే నువ్వూ చేస్తావని నా భయం. చూడు, తొమ్మిదో తరగతి పిల్ల ఇలా రాసిందనుకో: “మేకపిల్లకు దూపైంది. బొక్కెన్ల తలకాయ పెట్టింది. తలకాయ ఎల్తలేదు. ‘బ్యా’ అన్నది. బొక్కెన గూడ ‘బ్యా’ అన్నది. మేకపిల్ల బుగులువడి బొక్కెనతోనే ఉరికింది.” ఎర్ర పెన్ను తిరిగాక అదే ఇలా అవుతుంది: “ఒక మేకపిల్లకు మిక్కిలి దాహం వేసింది. అది బకెట్‌లో తల పెట్టగా తల ఇరుక్కుపోయింది. అది భయపడి పరుగెత్తింది. నీతి: తొందరపాటు పనికిరాదు.”

తప్పులు పోయాయి, నిజమే. దాంతోపాటు బొక్కెన ‘బ్యా’ అనడం కూడా పోయింది. ఆరేళ్ళ పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వేది అక్కడే. మేక తన గొంతుకే తాను జడుసుకున్నదని వాళ్ళకు తెలుసు, మేకకు తెలియదు, ఆ సంబరం కోసమే మళ్ళీ చెప్పమంటారు. దిద్దినావిడకు అది అనవసరపు వాక్యంలా కనిపించింది. దూప పోయి దాహం వచ్చింది, ఉరకడం పోయి పరుగెత్తడం వచ్చింది. దాహం తప్పని నేననడం లేదు. కానీ ఆ పిల్ల ఇంట్లో, ఆ వినే పిల్లల ఇళ్ళల్లో దూపే అవుతుంది. రాసిన పిల్లకు ఏమర్థమవుతుంది? మా ఇంటి మాట కథలోకి రాకూడదని. మరుసటి వారం ఆ పిల్ల తన మాట మానేసి పాఠ్యపుస్తకంలోది తెచ్చి పెడుతుంది, ఇరవై నాలుగు కథలూ ఒకే మనిషి రాసినట్టుంటాయి. పిల్లల కథల సంకలనాలు ఏవైనా నాలుగు తిరగేసి చూడు, ఏ పేజీలో పెద్దవాళ్ళ చెయ్యి పడిందో నీకే తెలిసిపోతుంది.

నీతి కూడా అంతే. కింద నీతి రాయాలని తెలియగానే పిల్లలు ముందు నీతిని ఎంచుకుని, దానికి సరిపడా ఒక సోమరినో అబద్ధాలకోరునో పట్టుకొచ్చి శిక్షిస్తారు. వినే చిన్నపిల్లలు కూడా ఆఖరి వాక్యం కోసం చేతులు కట్టుకుని కూర్చుంటారు. ఎవరైనా నీతేమిటని అడిగితే అడగనీ, కాగితం మీద మాత్రం ఆ మాటకు చోటివ్వకు.

కొడవటిగంటి కుటుంబరావుగారు చందమామకు వచ్చిన కథల్ని తిరగరాసేవారు కదా అని నువ్వు వాదిస్తావు, నీ సంగతి నాకు తెలియదా. ఆయన 1952 నుంచి 1980లో పోయేదాకా ఆ పత్రిక చూసుకున్నారు. దేశమంతా చదివే పత్రికకు ఒక తీరు భాష కావాలి, పంపేవాళ్ళు పెద్దవాళ్ళు. నువ్వు పత్రిక నడపడం లేదు. నీ దగ్గర తయారు కావలసింది రాసే పిల్లలు, పుస్తకం ఆ తర్వాతి మాట.

మరి దిద్దేదెవరు? వినే పిల్లలు. మన ఇళ్ళల్లో రాత్రిపూట ఆరుబయట మంచాల మీద కథ చెప్పేటప్పుడు ‘ఊ’ కొట్టమనేవాళ్ళు, ఊ ఆగితే కథా ఆగేది. ఆ పద్ధతే నీకు పనికొస్తుంది. రాయడం మొదలైన మూడో శనివారానికల్లా, కథ సగం ఉడికినా సరే, చిన్నపిల్లల ముందుకు పంపు. జతలో ఒకరు చెప్తారు, ఇంకొకరు పక్కన కథ కాగితం పట్టుకుని కూర్చుంటారు. ఊ గట్టిగా వచ్చినచోట చిన్న గీత, పిల్లలు కిటికీ వైపు చూసినచోట సున్న, నవ్వినచోట చుక్క. వినేవాళ్ళు ఆరుగురు, ఎనిమిది మంది ఉంటే బాగుంటుంది, పన్నెండు దాటితే గుర్తులు పెట్టలేరు. తర్వాత ఆ జతే కూర్చుని సున్నలున్నచోట్లు మాత్రం మార్చుకోవాలి. సున్నలు ఎక్కువగా మొదట్లోనే పడతాయి: రాజు పేరు, ఊరి పేరు, ఏడుగురు కొడుకుల పేర్లు. మూడో వాక్యానికల్లా ఏదో ఒకటి జరిగిపోవాలి. నడుమ సున్న పడిందంటే సాధారణంగా కథలో ఎవరో ఆలోచిస్తూ కూర్చున్నారని లెక్క. వాళ్ళని లేపి నడిపించమను. ఇలా మూడు విడతలు జరిగాక, సాపు ప్రతి రాసేముందు మాత్రమే అక్షరదోషాలు చూడు, అదీ చదివే పిల్ల తట్టుకుని పడేవి మాత్రమే. అప్పుడైనా పెన్సిలుతోనే.

నడుమ దసరా సెలవులొస్తాయి, బతుకమ్మ ఆడే తొమ్మిది రోజులూ ఎవరూ రాయరు. రాయమని పట్టుబట్టకు. ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర ఒక కథ విని, దాని మొదటి మాట, ఆఖరి మాట, మళ్ళీ మళ్ళీ వచ్చే మాట తెచ్చుకుంటే చాలని చెప్పు.

చెప్పడం దగ్గరికొస్తే, బట్టీ పట్టనివ్వకు. బట్టీ పట్టినవాడు ఒక మాట మరిచిపోతే మొత్తం కూలుతుంది. పోస్టుకార్డంత అట్టముక్క మీద ఐదు బొమ్మలు గీసుకోమను, అగ్గిపుల్లల మనుషులైనా పరవాలేదు. మొదటి వాక్యం, ఆఖరి వాక్యం, పల్లవి, ఈ మూడే కంఠతా రావాలి, మిగతాది ఎప్పటికప్పుడు సొంత మాటల్లో. పిల్లలు నేల మీద అర్ధచంద్రంలా కూర్చోవాలి, చెప్పేవాళ్ళూ నేల మీదే. కిటికీ చెప్పేవాళ్ళ వెనక ఉంటే ముఖం నల్లగా కనిపిస్తుంది, వెలుతురు ముఖం మీద పడేలా కూర్చోబెట్టు. జరజర, బుడుంగున, చటుక్కున లాంటి మాటలు తెలుగులో కొల్లలు, కథకు నాలుగు చాలు. అన్నిచోట్లా వాడితే వినేవాళ్ళు అలిసిపోతారు. ఆ మాట తర్వాత ఒక్క క్షణం ఆగడం ముఖ్యం. కొత్తవాళ్ళెవరూ ఆగరు, ఆగితే మరిచిపోయారనుకుంటారేమోనని భయం.

మగపిల్లల గొంతులు ఈ వయసులో విరుగుతుంటాయి. ఎక్కడ కీచుమంటుందోనని కొందరు నోరే తెరవరు. కథలో బొక్కెన గొంతో ఎలుగుబంటి గొంతో వాళ్ళకివ్వు, విరిగిన గొంతు అక్కడ కలిసొస్తుంది.

ఫోన్లు గది బయట పెట్టించు. టీచర్లవి కూడా, నీది కూడా. తడబడిన పిల్లవాడి వీడియో ఒక్క వాట్సాప్ గ్రూపులో తిరిగిందంటే వాడు ఏడాదంతా నోరు విప్పడు. ఈ మాట మెత్తగా చెప్తే ఎవరూ వినరు, గట్టిగానే చెప్పు. హెడ్మాస్టరుగారు ఫొటో కావాలంటే పుస్తకాలది తీసుకోమను.

దయ్యాలు పూర్తిగా వద్దంటే పిల్లలు చాటుగా తెస్తారు. చీకటి, తప్పిపోవడం, పెద్ద జంతువు, ఇవి ఉండనీ, కానీ పుట్టిన భయం ఆ పూటే తీరిపోవాలి. మిగతాది వచ్చే వారమని ఆపావంటే ఆ రాత్రి ఎవరింట్లోనో పక్క తడుస్తుంది. బావుల విషయంలో మాత్రం నేను మొండిదాన్ని. మన వైపు వ్యవసాయ బావులకు చాలావాటికి గోడలుండవు. కథలో పిల్లవాడు బావిలో దూకి బంగారు చేప తెచ్చాడంటే ఆరేళ్ళవాడు అంచుదాకా వెళ్ళి తొంగిచూస్తాడు. కరెంటు తీగలూ అంతే. చేపను చెరువు గట్టు మీదికి తెప్పించండి, కథకేమీ నష్టం లేదు.

పుస్తకానికి నాలుగు ఏ4 కాగితాలు నడుమకు మడిస్తే పదహారు పేజీలు. ముందు మడిచి, పెన్సిలుతో అంకెలు వేశాకే విడదీయాలి, లేదంటే పేజీలు తారుమారవుతాయి: పై కాగితం మీద 1, 2, 15, 16 పడతాయి, లోపలి కాగితం మీద 7 నుంచి 10. ఒకటి అట్ట, రెండులో రాసినవాళ్ళ పేర్లు, మూడు నుంచి పద్నాలుగు కథ. పదిహేను ఖాళీగా వదిలెయ్యి, చదివిన పిల్ల బొమ్మ గీసుకుంటుంది. ‘లోపల ఏముంది?’ అనే ప్రశ్న కుడి పేజీలో, జవాబు తిప్పాక ఎడమ పేజీలో రావాలి. ఎదురెదురుగా పెడితే ముందే చూసేస్తారు. అక్షరం సెంటీమీటరు ఎత్తు, వరుసల మధ్య రెండింతల జాగా వదలాలి, లేదంటే పై వరుస ఒత్తులూ కింది వరుస గుడులూ ఢీకొంటాయి. మడత వైపు రెండు సెంటీమీటర్లు ఏమీ రాయొద్దు.

స్టేపుల్ కొట్టొద్దు, పిన్ను లేచి చిన్న వేళ్ళకు గుచ్చుకుంటుంది. మడత మీద మూడు రంధ్రాలు, లోపలినుంచి నడిమి రంధ్రం గుండా బయటికి, పై రంధ్రంలోంచి లోపలికి, కింది దాంట్లోంచి బయటికి, మళ్ళీ నడిమి దాంట్లోంచి లోపలికొచ్చి ముడి. పుస్తకానికి అరవై, డెబ్బై సెంటీమీటర్ల గట్టి దారం కావాలి. కథకు రెండు ప్రతులు చేయించు, ఒకటి రాసిన జతకు, ఒకటి ఒకటో తరగతి గదికి. గదిలోది బీరువాలో పెట్టి తాళం వేయనివ్వకు, చిరిగితే మళ్ళీ రాసుకుంటారు.

కాగితాలకు, దారానికి, క్రేయాన్లకు మీ నాన్న ఖాతాలో డబ్బు వేశాను. నీ జీతంలోంచి పెట్టకు. లావు సూదులు డజను నా దగ్గరున్నాయి, మీ అమ్మ పండక్కి వచ్చినప్పుడు ఇచ్చి పంపుతాను.

మీ అత్త