నాన్నగారి సీడీలు కంప్యూటర్‌లోకి ఎక్కించుకుంటే కేసు పెడతారా?

ప్రశ్న: సార్, మా నాన్నగారు కొన్న పాటల సీడీలు, సినిమా డీవీడీలు అట్టపెట్టె నిండా ఉన్నాయి, మా పెళ్లి సీడీ కూడా అందులోనే ఉంది. కంప్యూటర్‌లోకి ఎక్కిద్దామంటే కవర్ల మీద కాపీ చేయడం నేరం అని ఉంది. చేసుకోవచ్చా? డాలస్‌లో ఉన్న మా అమ్మాయికి పంపొచ్చా? - రిటైర్డ్ టీచర్, రాజమండ్రి

జవాబు: అమ్మా, ముందు ఆ భయం వదిలేయండి. డబ్బులు పెట్టి కొన్న ఒరిజినల్ సీడీని మీ ఇంట్లో మీరు వినడానికి ఎక్కించుకుంటే తప్పు కాదు. మన కాపీరైట్ చట్టం 1957లో సెక్షన్ 52 ఉంది, సొంత వాడకానికి న్యాయమైన పరిధిలో వాడుకుంటే ఉల్లంఘన కాదంటుంది, దీన్నే ఫెయిర్ డీలింగ్ అంటారు. 2012 సవరణతో ఇది సినిమాలకీ, సౌండ్ రికార్డింగులకీ కూడా వచ్చింది, ఆ వాడకం కోసం ఎలక్ట్రానిక్‌గా దాచుకోవడం కూడా తప్పు కాదని వివరణ చేర్చారు. కవరు మీద ఏం అచ్చేసినా చట్టం ఇచ్చింది పోదు.

కొన్ని డీవీడీలకి కాపీ కాకుండా లాక్ ఉంటుంది, దాని సంగతి సెక్షన్ 65ఎ చూస్తుంది. హక్కుల్ని ఉల్లంఘించాలన్న ఉద్దేశంతో లాక్ తీస్తేనే నేరం, రెండేళ్ల దాకా జైలు. మీరు ఇంట్లో చూసుకోవడానికైతే ఆ ఉద్దేశం లేదనే నా అభిప్రాయం. పైరసీ డిస్కులకి మాత్రం ఇవేవీ చెప్పుకోలేం, అవి పక్కన పడేయండి.

అమ్మాయి సంగతి. సినిమాలూ పాటలూ కాపీలు తీసి పంపొద్దు, కావాలంటే డిస్కే ఇచ్చేయండి. అమెరికాలో 1998 చట్టం ప్రకారం డీవీడీ లాక్ తీయడమే తప్పు, సొంతానికైనా సరే, అందుకని అక్కడ కాపీ చేసుకోమని కూడా చెప్పకండి. అలాగే కాపీ ఉంచుకుని ఒరిజినల్స్ అమ్మేయడం, చుట్టుపక్కలవాళ్లకి పెన్‌డ్రైవ్‌లో వేసివ్వడం వద్దు. సెల్ షాపుల్లో డబ్బులు తీసుకుని పాటలు ఎక్కించేవాళ్లది పూర్తిగా వేరే కేసు, సెక్షన్ 63 కింద ఆర్నెల్ల నుంచి మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. అన్నమయ్య కీర్తన ఎవరి సొత్తూ కాదు కదా అని అడుగుతారు, సాహిత్యానికి కాపీరైట్ లేకపోయినా ఆ రికార్డింగుకి విడిగా 60 ఏళ్లు ఉంటుందమ్మా.

పెళ్లి సీడీ మాత్రం పూర్తిగా వేరు. డబ్బులిచ్చి తీయించుకున్న వీడియోకి, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారులని సెక్షన్ 17 చెప్తోంది. ఎన్ని కాపీలైనా తీసుకోండి, డాలస్‌కీ పంపండి, ఫొటోగ్రాఫర్‌ని అడగక్కర్లేదు.

అందుకే ముందు ఆ సీడీతోనే మొదలుపెట్టండి. ట్యూబ్‌లైటుకి ఎదురుగా పెట్టి చూడండి, వెండిపూతలో సూదిమొనంత చుక్కల్లోంచి వెలుగు కనిపిస్తే పూత పోతోందన్నమాట. మా అమ్మ గొంతు ఉన్న ఒకే ఒక్క సీడీని ఇలాగే అశ్రద్ధ చేసి పోగొట్టుకున్నాను, ఇప్పటికీ బాధే. ల్యాప్‌టాప్‌లో డ్రైవ్ లేకపోతే యూఎస్‌బీకి పెట్టే డీవీడీ డ్రైవ్ దొరుకుతుంది. డిస్కుని మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచు వైపుకి తుడవండి, గుండ్రంగా తిప్పి తుడవొద్దు.